పేరంటాల కనుమ: పసివారు అడిగినపుడు

కొల్లేటి నీరు సముద్రమునకు పోవు త్రోవ యొక్కటియే, దానిని ఉప్పుటేరందురు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు వాగులు తెచ్చి పోసిన నీరంతయు సరస్సులో నిలిచి, నిండిన పిమ్మట ఈ యేటి వెంబడి వంకరలు తిరుగుచు అరువది కిలోమీటర్ల దూరము నడచి బంగాళాఖాతమున కలియును. ఈ యేటికే పేరంటాల కనుమ యని మరియొక పేరు గలదు. ఆ పేరెట్లు వచ్చెనో చెప్పు కథ లంకగ్రామములలో తరతరములుగా నున్నది. అచ్చుపుస్తకములలోనికిని ఎక్కినది. ఫాల్గుణమాసమున పాడ్యమి మొదలు పున్నమి వరకు కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తిరునాళ్లు జరుగును. ఆ దినములలో తల్లిదండ్రుల చంకలెక్కి, భుజములెక్కి వచ్చిన పసివారి చెవిని ఈ కథ ఏదో యొక రూపమున పడకపోదు.

కథ యిది. పూర్వము ఓఢ్రదేశాధిపతియగు లాంగూల గజపతికి కొల్లేటికోట లంకయందు కోట యుండెను. తురక సైన్యము వచ్చి ఒడ్డున చిగురుకోట వద్ద దిగెను. నడుమ నీరు, దాటుటకు వలను లేదు. నీటిని సముద్రమునకు వదలి సరస్సును తగ్గించినచో కోటను పట్టవచ్చునని శత్రువులు కాలువ త్రవ్వించిరి. అంతట ఓఢ్ర సేనాని దేవతల అనుగ్రహము కోరి తన కన్నకూతురిని బలి యిచ్చెను. అందువలన ఆ కాలువకు పేరంటాల కనుమ యని పేరు వచ్చెను.

చరిత్రకారుడు ఈ కథను చేతికి తీసికొన్నచో చాలవరకు కరిగిపోవును. లాంగూల నామము ఓఢ్రదేశమున కోణార్క దేవాలయమును కట్టించిన గంగవంశపు నరసింహదేవునికి చెల్లుచున్నది; ఆయన పదుమూడవ శతాబ్దివాడు. గజపతుల యేలుబడి కృష్ణా గోదావరుల నడుమ సాగినది పదునైదవ, పదునారవ శతాబ్దులలో. కథలో ఇరువురును ఒక్కరైరి. ఇక ఉప్పుటేరు మనుష్యులు త్రవ్వినదనుట నేలతీరు చూచినవారికి నమ్మశక్యము కాదు. రెండు నదులును మట్టిని తెచ్చి పోసి తమ డెల్టాలను సముద్రములోనికి పెంచుకొనుచు పోగా, నడుమ పూడక మిగిలిన పల్లము కొల్లేరు. దాని మిగులునీటికి సముద్రము దెసగా త్రోవ యుండుట సహజమే. కావున రాజు కలగలుపు, కాలువ కల్పన. అయినను ఒక్క సంగతి మాత్రము కరగక నిలుచును. ఒక తండ్రి తన కూతురిని చంపెనని కొల్లేటి జనులు ఇన్ని తరములు తమ పిల్లలకు చెప్పుకొనుచు వచ్చిరి.

ఎట్లు చెప్పిరి? ఇదియే నేను ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము. పసిపిల్లలతో చావు, వ్యాధి, క్రూరత్వము మొదలగువానిని గూర్చి మాటలాడవలసి వచ్చినపుడు పెద్దలు ఎటువంటి మాటలు వెదకికొనిరో, ఆ మాటలు పిల్లలకేమి యిచ్చెనో, వారినుండి ఏమి దాచెనో ఈ సీమ చరిత్రనుండియే కొంత తెలిసికొనవచ్చును.

పేరంటాలు అను పదమునే చూడుడు. పేరంటమునకు పిలువదగినది, పసుపు కుంకుమలు గలది పేరంటాలు. ముత్తైదువగా మరణించి, లేదా మగనితో సహగమనము చేసి, పూజలందుకొను స్త్రీని పేరంటాలమ్మ యనుట తెలుగునాట అంతటను కలదు. మన కథలోని బాలిక కన్య. ఆమెకు పెండ్లియైనట్లు కథ చెప్పదు. తన యిష్టమున ప్రాణము విడిచినట్లును చెప్పదు. అయినను ఆమెను పేరంటాలనిరి. చంపబడిన పిల్లను మంగళకరమైన మాటతో కప్పిరి. కప్పిన పిమ్మట తండ్రి చేసిన పని కనబడదు. దేవత మాత్రము కనబడును. తిరునాళ్లలో నిలుచున్న ఆరేండ్ల పిల్ల "ఆమె యెవరు?" అని యడిగినచో "అమ్మవారు తల్లీ, దణ్ణము పెట్టుకో" యని చెప్పిన చాలును. "ఆమెకు ఏమైనది?" అని రెండవ ప్రశ్న వేయుటకు ఆ మాట చోటీయదు.

మరియొకటి గమనింపుడు. రాజు పేరు కథలో నున్నది, తప్పుపేరైనను. శత్రువు దిగిన చోటి పేరున్నది. ఏటికి పేరున్నది. ఆ పిల్లకు పేరు లేదు.

పసివారికి ఇట్టి కథ చెప్పనే కూడదని కొందరందురు. వారితో నేనేకీభవింపజాలను. తండ్రి కూతురిని బలి యిచ్చిన కథ గ్రీకుల యందును గలదు. ఓడలకు గాలి కావలెనని అగమెమ్నాను ఇఫిజీనియాను బలిపీఠమెక్కించెను. యూదుల గ్రంథమున యెఫ్తా మ్రొక్కు కథ యున్నది. మన హరిశ్చంద్రుని కథలోనే శునశ్శేపుడున్నాడు. ఆతని తండ్రి నూరు గోవులకు కొడుకు నమ్ముకొని, మరి నూటికి యూపమునకు కట్టి, ఇంకొక నూటికి తానే కత్తి పట్టుటకును సిద్ధమయ్యెను. లోకమంతటను పిల్లలు ఈ కథలను వినుచునే యున్నారు. పెద్దవారు తమను కాపాడుదురా, విడిచిపెట్టుదురా యను భయము పిల్లలకు కథ చెప్పిన తరువాత పుట్టునది కాదు. అది ముందే యున్నది. కథ దానికి మాట యిచ్చును. అందుచేత చెప్పవలెనా వద్దా యని తర్కించుట వ్యర్థము. చెప్పినపుడు ఏది దాచవచ్చును, ఏది దాచరాదు అనునదే విచారింపదగినది.

ఈ ప్రశ్నకు తెలుగున ఉత్తమమైన సమాధానము గురజాడ అప్పారావు (1862–1915) గారి 'పూర్ణమ్మ'లో దొరకునని నా నమ్మకము. అందును తండ్రియే, అందును బలియే. ధనమున కాశపడి తండ్రి తన చిన్నికూతురిని ముదుసలికి కట్టబెట్టెను. ఆమె దుర్గ గుడికి పోయి మరల రాలేదు. మడుగులో ఆమె ప్రాణము విడిచిన తీరు కవి విప్పి చెప్పలేదు. దుర్గలో కలిసెనన్నట్లు ముగించెను. పైకి చూచిన ఇదియు పేరంటాలి కథవలెనే తెర వేసినట్లుండును. కాని తెర యెక్కడ వేసెనో చూడవలెను. చావు జరిగిన రీతిమీద వేసెను గాని, దానికి కారకుడైనవానిమీద వేయలేదు. తండ్రి ఏమి చేసెనో, ఎందులకు చేసెనో గీతమును విన్న పదేండ్ల పిల్లకు కూడ తెలియును. పైగా ఆ పిల్లకు పేరుంచెను. అన్నదమ్ములను, తోటను, పూవులను ఇచ్చెను. బాల్యవివాహములు ఇంటింటను జరుగుచున్న కాలమున, ఆ పాట పాడుకొను పిల్లలలోనే రేపటి పెండ్లికూతుండ్రున్న కాలమున ఆయన ఇట్లు చెప్పగలిగెను. బాలికల వివాహమునకు పదునాలుగేండ్లు నిండవలెనను శారదా చట్టము 1929లో గాని రాలేదు. అది అమలునకు వచ్చినది 1930 ఏప్రిలులో.

ఇక వ్యాధుల మాట. మశూచికము సోకిన యింట పూర్వము ఆ పేరెత్తువారు కారు. "అమ్మవారు పోసినది" అనెడివారు. "తల్లి వచ్చినది" అనెడివారు. గుమ్మమునకు వేపమండలు కట్టి, తాలింపు ఘుమఘుమలు మాని, పరాయివారిని రానీయక, మంచముపై నున్న బిడ్డను తాకినను మెల్లగా తాకి, వేపరెమ్మతో విసరెడివారు. ఈ యాచారమును నవ్వి త్రోసివేయుట మన సంస్కారవాదులకు అలవాటు. నేనంత త్వరపడను. రోగము బిడ్డ చేసిన తప్పు కాదని ఆ మాటలలో నున్నది. ఇంటివారందరు గొంతు తగ్గించి, వంట మార్చుకొని, ఆ బిడ్డచుట్టు తిరుగుటలో గొప్ప ఓదార్పున్నది. రాకపోకలు మాన్పించుటలో ఇరుగుపొరుగునకు రక్షణయు నున్నది. కాని పుండ్లు గోకికొనిన బిడ్డతో "అమ్మవారికి కోపము వచ్చును" అనినపుడు, ఆ బిడ్డ కన్ను పోయినచో, లేక ప్రక్క మంచములోని తమ్ముడు పోయినచో, ఆ కోపము తనవల్లనే వచ్చినదని బ్రతికినవాడు జన్మాంతము మోయవలసినదే గదా! కారణము దాచిన చోట పిల్లవాడు తానే కారణమును కల్పించుకొనును. కల్పించుకొనునపుడు నేరమును తనపై వేసికొనుటయే పసివారి స్వభావము.

మన దేశమున మొదటి గోమసూరి టీకా 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బిడ్డకు వేసిరి. అప్పటినుండి నూట డెబ్బదేండ్లు గడచిన మీదట, 1975తో ఈ దేశమున మశూచికము నిలిచిపోయినది. 1980 మేలో ప్రపంచమంతట నశించినట్లు ప్రకటించిరి. ఈ మధ్యకాలమంతయు మన యిండ్లలో టీకాలవాడు పిల్లలకు రక్షకుడుగా పరిచయము కాలేదు. బూచివాని తమ్ముడుగా పరిచయమయ్యెను. అన్నము తినకున్న సూది పొడిపించెదమని నేటికిని బెదిరింపని యిల్లు అరుదు. పిల్లలను కొట్టుటను, భయపెట్టుటను చలము తన 'బిడ్డల శిక్షణ'లో ఎంత తీవ్రముగా ఖండించినను ఆ పుస్తకమును చదివి మెచ్చుకొన్న యిండ్లలోనే బూచివాడు సుఖముగా కాపురముండెను.

చావును గూర్చి పిల్లలేమనుకొందురో శాస్త్రీయముగా విచారించినవారిలో హంగరీ దేశపు మరియా నాగీ ముఖ్యురాలు. బుడాపెస్టు ప్రాంతమున మూడేండ్లు మొదలు పదేండ్ల వరకు వయస్సుగల 378 మంది పిల్లలను పలుకరించి, వారి మాటలను బొమ్మలను కూర్చి, ఆమె 1948లో ప్రకటించెను. అయిదేండ్లలోపు పిల్లలకు చావు ఒక ప్రయాణము, లేదా నిద్ర. పోయినవారు తిరిగి వత్తురు. అయిదు మొదలు తొమ్మిదేండ్ల వరకు చావు ఒక మనిషి. వచ్చి పట్టుకొని పోవును, పరుగెత్తి తప్పించుకొనవచ్చును. తొమ్మిదేండ్లు దాటిన తరువాత గాని అది అందరికిని తప్పనిదని తెలియదు. అన్ని దేశములందును ఈ మెట్లు ఇవే వయస్సులలో ఉండునని తరువాతివారు ఒప్పుకొనలేదు. అది యట్లుండనిండు. మన యిండ్లలోని మాటలను ఈ వెలుతురున చూచిన ఆశ్చర్యము కలుగును. "తాతగారు ఊరికి పోయినారు", "నిద్రపోవుచున్నారు" అని మనము చిన్నవారికి చెప్పు మాటలు వారి భ్రమలకు సరిగా అతుకునట్టివే. అందుచేతనే అవి హాని చేయును. తాత ఊరికి పోయెనని నమ్మిన పిల్ల గుమ్మమువద్ద ఎదురుచూచును. తనతో చెప్పకుండ పోయెనని అలుగును. నిద్రపోయి మరల లేవలేదని విన్న పిల్లవాడు రాత్రి దీపమార్పనీయడు.

ఈ విషయమున కొల్లేటి పల్లె పిల్లలు పట్టణపు పిల్లలకంటె అదృష్టవంతులు. 1946లో కె. కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రవేత్త పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతులు వందలకొలది గూళ్లు కట్టుట చూచి, 1949లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. ఇండ్ల నడుమ చెట్లపై కట్టిన గూళ్లవి. గ్రుడ్డు పగులుటయు, పిల్ల జారి నేల పడుటయు, పడినది లేవకుండుటయు గుమ్మములో కూర్చున్న బిడ్డ చూడగలిగెడిది. చేపను బ్రతికి యుండగా చూచి, వలలో చూచి, గంపలో చూచిన పిల్లకు చావనగా కదలకుండుట, మరల రాకుండుట అని ఎవరును పాఠము చెప్పనక్కరలేదు.

యుద్ధమును గూర్చి కొంచెము. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. తీరమున నున్నవారనేకులు మూటలు కట్టుకొని లోపలి యూళ్లకు తరలిరి. ఆ యుద్ధకాలముననే తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకు రన్‌వే వేసిరి. ఎందులకీ పరుగని, ఎందులకీ రోడ్డని పిల్లలడిగియుందురు. వారికి దొరకిన సమాధానములను ఎవరును వ్రాసిపెట్టలేదు. ఆ రోజులలోనే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లలతో మాటలాడ నారంభించి, 1940లో బాలానంద సంఘమును, 1945లో 'బాల' పత్రికను స్థాపించిరి. లోకము వారిని రేడియో అన్నయ్య, అక్కయ్య యని పిలిచెను. పిల్లలను గూర్చి గాక పిల్లలతో మాటలాడుట ఒక విద్యయని తెలుగువారికి వారు చూపిరి.

కొల్లేటి పిల్లలు అడిగిన ప్రశ్నలలో కఠినమైనది 2006లో పుట్టెను. అయిదడుగుల కాంటూరు లోపలి సరస్సును 1999లో ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రాంసర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలయని గుర్తింపు వచ్చెను. అప్పటికే సరస్సు కడుపంతయు చేపల చెరువుల గట్లతో నిండియుండెను. 2006లో సుప్రీముకోర్టు కమిటీ ఆదేశము మీద ఆ గట్లను ప్రొక్లెయినులతో త్రవ్వి, మందుపెట్టి పేల్చిరి. నిన్నటివరకు నాన్న కాపలా కాసిన చెరువు గట్టు నేడు పోలీసుల యెదుట కూలుచున్నది. "ఎందుకు?" అని కొడుకడిగెను. "పిట్టల కోసము" అను జవాబు సులువుగా నోటికి వచ్చును. అది అబద్ధము కాదు. కాని అంతమాత్రమే చెప్పినచో గూడబాతు ఆ పిల్లవానికి జన్మశత్రువగును. సహకార సంఘముల పేర భూములుండగా బయటి పెట్టుబడిదారులు ఎట్లు చొచ్చిరో, నీరు పోవు దారి మూసినచో ముంపు ఎవరి యిండ్లకు వచ్చునో, ఇన్నేండ్లు చూచుచు ఊరకున్న అధికారులెవరో, లాభము తినినవారొకరు నష్టపడినవారొకరు ఎట్లైరో చెప్పవలెను. ఎనిమిదేండ్లవానికి ఇంత తెలియునా యని శంకింపవలదు. ఆటలో ఒకడు తప్పుచేసి వేరొకడు దెబ్బలు తినుట ఏమో వానికి మనకంటె బాగుగ తెలియును. చెప్పవలసిన మాట దొరకకపోవుట వాని వయస్సువలన కాదు. ఆ మాట చెప్పినచో మన వారిలో కొందరి పేరు చెప్పవలసివచ్చును.

చివరకు ఏలూరు. 2020 డిసెంబరు మొదటి వారాంతమున ఏలూరు వన్‌టౌన్ వీధులలో మనుష్యులు ఉన్నట్టుండి మూర్ఛపోసాగిరి. నడుచుచు నడుచుచు కూలుట, కాలుసేతులు కొట్టుకొనుట, నోట నురుగు, మూడు నుండి అయిదు నిమిషములలో తెలివి వచ్చుట, పిమ్మట వాంతులు, తలనొప్పి. కొన్నాళ్లలో ఆరువందలమందికి పైగా ఆసుపత్రికి వచ్చిరి, ఒకరు మరణించిరి. పిల్లలును వీరిలో నుండిరి. కరోనా కారణమున చిన్నతరగతులు అప్పటికింకను తెరువలేదు. పిల్లలందరును ఇండ్లలోనే, వీధులలోనే యుండిరి. జరిగినదంతయు కన్నులార చూచిరి. ముఖమునకు గుడ్డ కట్టుకొని, చేతులు కడుగుకొని, ఎనిమిది నెలలుగా ఒక కనబడని భయముతో కాపురము చేయుచున్న బిడ్డలకు ఇప్పుడు మరియొకటి.

మూర్ఛ వచ్చిన మనిషిని చూచిన పిల్లవానికి ఆ సీమలో సిద్ధముగా నున్న మాటలు గాలి సోకినది, దయ్యము పట్టినది యనునవి. వీధిలో ఆ మాటలు వినబడకుండునా? పెద్దలకే ఏమియు తెలియని దినములవి. నీళ్లను అనుమానించి పరీక్షించిరి. రక్తమును ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు పంపగా సీసము, నికెల్ ఎక్కువగా కనబడినవి. హైదరాబాదునుండి జాతీయ పోషకాహార సంస్థవారు వచ్చి కూరగాయలు, బియ్యము, రక్తము తీసికొనిపోయిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వచ్చిరి. డిసెంబరు 16వ తేదీన ప్రభుత్వమువారితో సమావేశమైన నిపుణులు పురుగుమందుల అవశేషములే ముఖ్యకారణముగా తోచుచున్నవనియు, దీర్ఘకాలము పరిశోధింపవలెననియు చెప్పిరి.

అంతవరకు ఇంటిలోని తల్లి ఏమి చెప్పవలెను? "నాకు తెలియదు" అనుటకు తల్లిదండ్రులు భయపడుదురు. ఆ మాటతో బిడ్డ కాలిక్రింది నేల జారునని వారి శంక. కాని ఏలూరులో రెండవ మూడవ దినమునకే తెలిసిన నిజములు కొన్ని యుండెను. పడిపోయినవారు కొద్ది నిమిషములలో లేచుచున్నారు. చాలమంది ఒకటి రెండు దినములలో ఇంటికి తిరిగివచ్చుచున్నారు. ఇది ఒకరినుండి మరియొకరికి అంటుకొనుట లేదు. ఒక యింట నలుగురుండగా ఒకరికే వచ్చుట వైద్యులు గమనించిరి. పట్టణము నడుమ పెద్దాసుపత్రి యున్నది. కారణము నింకను వెదకుచున్నారు. ఈ అయిదు వాక్యములు అయిదేండ్ల పిల్లకు అర్థమగును. ఇందులో ఒక్కటియు అబద్ధము కాదు. ఒక్కటియు భయము పెంచదు. పడిపోయిన అన్నను ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టవలెను, నోటిలో ఏమియు పెట్టరాదు, పెద్దవారిని కేకవేయవలెను అని కూడ చెప్పినచో, చూచి వణకుచు నిలువవలసిన బిడ్డకు చేయదగిన పని యొకటి దొరకును. చేతికి పని దొరకిన పిల్లవాని భయము సగము తగ్గును. ఇది తుపాను రాత్రులలో బియ్యపు డబ్బాలను అటకకు అందించిన పిల్లలనడిగిన తెలియును.

కారణమును గూర్చిన నివేదిక వచ్చిన మీదట అసలు చిక్కు మొదలయ్యెను. దయ్యమన్నచో దయ్యమునకు చుట్టములు లేరు. అమ్మవారన్నచో ఆమెనడుగువారు లేరు. పురుగుమందన్నచో దానిని చేసినవారున్నారు, అమ్మినవారున్నారు, ఎంత కొట్టవలెనో చెప్పక అప్పుమీద ఇచ్చినవారున్నారు, పంట పోవునేమోనని భయపడి మోతాదు మించి కొట్టిన రైతున్నాడు, పరీక్షింపక ఊరకున్నవారున్నారు, నిగనిగలాడు వంకాయలనే యేరి తెచ్చిన నాన్నయు నున్నాడు. మందు కూరగాయలలోనికి ఎట్లు వచ్చినదని పిల్ల అడిగినచో కథ పొలమునకు పోవును, కొట్టునకు పోవును, కార్యాలయమునకు పోవును, తిరిగి వంటింటికే వచ్చును.

2022 ఏప్రిలు 4వ తేదీన కొత్త జిల్లాలేర్పడగా, అంతవరకు కృష్ణా జిల్లాలో నుండిన కొల్లేటికోట ఏలూరు జిల్లాలోనికి వచ్చెను. తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలో నిలిచెను. వన్‌టౌన్ వీధులలో ఆ డిసెంబరున మూర్ఛలు చూచిన ఆరేండ్ల పిల్లలు నాగీ చెప్పిన మూడవ మెట్టును దాటిరి. కూరగాయల బుట్టను ముందు పెట్టుకొని ఉప్పునీట కడుగుచున్న తల్లిని వారిపుడు అడుగు ప్రశ్నలు ఆనాటివి కావు.